రెండో సూది

కొత్తవలస జంక్షన్‌లో కిరండూల్ పాసింజరు ఆగేసరికి గోవింద్ బతికే ఉన్నాడు. బండి మళ్ళీ కదిలేసరికి లేడు.

కిటికీ పక్కన తల వాల్చి, కునుకు తీస్తున్నవాడిలాగే కూర్చున్నాడు. ఎదురు సీటాయనకి రెండు స్టేషన్లు దాటాక అనుమానం వచ్చి భుజం తట్టాడు. చెవి వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క. చేతిలో సగం కొరికిన పునుగు. చంపినవాడికి ఆ మిగతా సగం తిననిచ్చేంత ఓపిక కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం శ్రీకాకుళంలో, మూతపడ్డ రైసు మిల్లు వెనక గదికి త్రినాథ్‌ని పిలిపించారు. బయటికి అది ధాన్యం కొట్టు. లోపల గూఢచారి విభాగం వారి ఆఫీసు. చీఫ్ జగన్నాధం చూడటానికి రిటైరైన హెడ్మాస్టరులా ఉంటాడు. ఆ పెద్దమనిషి ముఖంతోనే ఇరవై ఏళ్ళుగా కుర్రాళ్ళని చావు మీదికి పంపిస్తున్నాడు.

"గోవింద్ మనవాడు," అన్నాడు జగన్నాధం. "ఎచ్చెర్ల అవతల ఒక చిన్న ల్యాబులో క్వాలిటీ ఆఫీసరుగా పెట్టాం. పోయే ముందు ఫోన్ చేశాడు. 'సార్, సీసాలు' అన్నాడు. అంతే. లైన్ కట్."

"ఏం సీసాలు?"

జగన్నాధం పక్క కుర్చీ వైపు చూశాడు. అక్కడ కూర్చున్నది డాక్టర్ ఝాన్సీ. ఆ సీసాల్లోని మందు తయారు చేసిన మనిషి ఆమే.

"పాముకాటుకి మందు ఎలా వస్తుందో తెలుసా?" అంది.

"గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. అది తీసి మనకి పొడుస్తారు."

"ఆ విరుగుడే యాంటీబాడీ. పని బాగా చేస్తుంది. కానీ అది గుర్రానిది, మన ఒంటికి పరాయిది. మొదటిసారి చాలామందికి ఏమీ కాదు. పది రోజులకి జ్వరమో, కీళ్ళ నొప్పులో వచ్చి పోతాయి. కానీ ఒళ్ళు దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. రెండోసారి లోపలికి వస్తే కొందరికి ఒళ్ళు తిరగబడుతుంది. గొంతు వాస్తుంది, బీపీ పడిపోతుంది. పది నిమిషాలు చాలు."

"మరి మీ మందు?"

"విషాన్ని పట్టుకునే కొస ఒక్కటే గుర్రానిది తీసుకున్నాం. మిగతా ఒళ్ళంతా మనిషి యాంటీబాడీతో కట్టాం. కొడవలి మొన గుర్రానిది, పిడి మనిషిది. ఒళ్ళు దాన్ని పరాయిదనుకోదు."

ట్రయల్ ఎక్కడో జగన్నాధం చెప్పాడు. జీలుగుపేట, జీడితోటల ఊరు. పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరూ తోటల్లో ఒకసారి పాము కరిచి, గుర్రం మందుతో బతికినవాళ్ళే. వాళ్ళలో ఎవరికీ ఆ మందు పడలేదు. మళ్ళీ కరిస్తే వాళ్ళకి ఇవ్వడానికి దేశంలో మందు లేదు. కొత్త మందు వాళ్ళకి పడితే ఎవరికైనా పడుతుంది.

"అది పడకూడదని కోరుకునేవాళ్ళున్నారు," అన్నాడు చీఫ్. "ఆర్కిడ్. విదేశీ ముఠా. వాళ్ళ మందు వాళ్ళ దగ్గర రెడీగా ఉంది. ట్రయల్‌లో ఈ పన్నెండు మంది పోతే ఝాన్సీ గారి మందుతో పాటు ఆ ల్యాబూ పోతుంది. ఇక్కడ వాళ్ళ మనిషిని గ్రే అంటారు. ముఖం ఎవరూ చూడలేదు."

"మనకి దారి?"

"రేఖ. ట్రయల్ డాక్టర్. ఆర్కిడ్ ఆవిణ్ణి కొన్నది. కొన్న మర్నాడే వచ్చి మనకి చెప్పింది. వాళ్ళు కోల్డ్ స్టోరేజీ పేల్చేస్తారంటోంది."

"నమ్మొచ్చా?"

"నమ్మడం నా పని కాదు. కనిపెట్టడం నీ పని. ల్యాబులో పది సీసాలు టెస్ట్ చేయించాం, శుభ్రంగా ఉన్నాయి. పెట్టె ఊరికి చేరేదాకా నీడలా ఉండు. రేఖకి మన మనిషి వస్తున్నాడని తెలుసు, నువ్వని తెలుసు. మిగతా లోకానికి నువ్వు ఐస్ పెట్టె మోసే ఎర్రన్నవి."

*

మార్చి నెలాఖరు. జీలుగుపేట పంచాయతీ ఆఫీసు వరండాలో పన్నెండు మందీ వరసగా కూర్చున్నారు. జీడిగింజలు కొట్టీ కొట్టీ అందరి వేళ్ళూ నల్లబడి ఉన్నాయి.

త్రినాథ్ తల మీద నుంచి పెట్టె దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎచ్చెర్ల నుంచి ఇక్కడిదాకా దాన్ని వదల్లేదు. దాని తాళం చెవి మాత్రం రేఖ దగ్గర ఉంది. దారిలో రెండుసార్లు టెంపరేచర్ చెక్ అని వ్యాన్ ఆపించి, అతన్ని దిగమని తాళం తీసింది. రూలు ప్రకారం అది డాక్టరు పనే. అతను ఏమీ అనుకోలేదు.

రేఖని చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు. తెల్ల కోటు కింద నెమలికంఠం రంగు చీర, వేలికి కెంపు ఉంగరం, మనిషిని ఒక్కణ్ణే చూస్తున్నట్టు నవ్వే కళ్ళు.

వరసలో మొదటిది తాతమ్మ. అరవై ఏళ్ళుంటాయి. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె తలూపితే లేస్తారు.

"ఏటి బాబూ, ఆ పెట్టెలో మందు నిజంగా గుర్రాందు కాదా?" అంది త్రినాథ్‌తో.

"కాదంతన్నారమ్మా. నాకేటి తెలుస్తాది, మోసేవోణ్ణి."

"మా కోడలు తులసికి రెండుసార్లు కరిసినాది. రెండోపాలి పాము సంపలేదు. మందు సంపినాది. సూది దిగిన కాడి నుంచి ఆటో తిరిగేలోపు పోనాది. అందుకే వచ్చినాను. రేపు తోటలోకి ఎల్లకపోతే తినీదేటి?"

రేఖ సిరంజి నింపి తాతమ్మ దగ్గరికి వచ్చింది. తాతమ్మ చెయ్యి చాపలేదు.

"ముందు నువ్వు పొడుసుకో తల్లీ. మా ఇళ్ళల్లో కొత్త కుండ కూడైనా వండినోళ్ళు తిన్నాకే మందికి ఎడతాం."

మిగతా పదకొండు మందీ తలూపారు. రేఖ ఒక్క క్షణం కూడా తడబడలేదు. నవ్వుతూ చేతికి దూది రాసుకుని, అదే సీసాలోంచి తీసిన మందు తనకే పొడుచుకుంది. అయిదు నిమిషాలు కూర్చుంది. ఏమీ కాలేదు.

త్రినాథ్‌కి అప్పటిదాకా ఆమె మీద రవ్వంత అనుమానం ఉండేది. అది ఎగిరిపోయింది. విషమని తెలిసిన మందు ఏ మనిషీ తన ఒంట్లోకి ఎక్కించుకోదు కదా. చొక్కా గుండీలోని మైకుతో చీఫ్‌కి చెప్పేశాడు. "పెట్టె క్లీన్."

ఆ మాట అతను జీవితంలో అన్ని మాటలకన్నా తేలిగ్గా అన్నాడు.

తాతమ్మ చెయ్యి చాపింది. రేఖ సూది మొన చర్మానికి ఆనించింది. అప్పుడే వీధిలోంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. పేరు జగ్గమ్మ.

"తాతమ్మప్పా, మా గుంటకి అమ్మవారు పోసినాది. ఒళ్ళంతా పొక్కులు."

తాతమ్మ చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"ఇంక సూది లేదు," అని లేచింది. "ఊళ్ళో అమ్మవారుండగా ఒంట్లోకి ఇనుము దిగకూడదు. మూడు నీళ్ళు పోసి, యాపాకులు తీసేశాక రా తల్లీ."

"చికెన్‌పాక్స్ ఆ పిల్లకి కదమ్మా," అంది రేఖ. "మీకేం సంబంధం?"

"అమ్మవారు ఇంటికొచ్చిందంటే ఊరికొచ్చినట్టే."

పన్నెండు మందీ చీరలు దులుపుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ వీపుల్నే చూస్తున్న రేఖ ముఖంలో నవ్వు ఆరిపోయి, దాని చోట పచ్చి కోపం కనిపించింది. పని చెడిన డాక్టరు విసుగనుకున్నాడు త్రినాథ్.

సాయంత్రం జగన్నాధం మనుషులు పెట్టెకి సీలు వేసి పట్టుకుపోయారు. మూడు వారాలు వాయిదా.

*

పదో రోజు రామతీర్థంలో కలుద్దామని రేఖ కబురు పెట్టింది.

కొండ మొదట్లో, మెట్ల పక్క కొబ్బరికాయల దుకాణం దగ్గర ఆమె నల్ల కళ్ళజోడుతో నిలబడి ఉంది. పక్కగా ఒక విదేశీ బౌద్ధ భిక్షువు, కాషాయం కట్టుకుని, పైనున్న పాత స్తూపాల ఫోటోలు తీసుకుంటున్నాడు. త్రినాథ్‌కి నవ్వుతూ తల వంచాడు. త్రినాథ్ కూడా వంచాడు.

"ఈ ఏడు జీడిపూత ఎలా ఉంది?" అన్నాడు రేఖతో. కోడ్.

"మంచు కొట్టేసింది," అంది. జవాబు సరిపోయింది.

"పైకి ఎక్కుదాం. ఇక్కడ జనం."

"వద్దు. మోకాళ్ళు నొప్పి. హీల్స్ వేసుకున్నాను కదా."

ఎండకి రాళ్ళు కాలుతున్నాయి. ఆమె మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుంది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కెంపు ఉంగరం లేదు, దాని చోట తెల్లటి గీత. జాకెట్టు అంచు కింద ఎర్రటి దద్దుర్లు.

"అవేంటి?"

"మీ జీలుగుపేట బహుమతి. జీడిపాలు అంటుకుంది."

త్రినాథ్ తల్లి పలాసలో ఇరవై ఏళ్ళు జీడిగింజలు కొట్టింది. జీడిపాలు అంటితే ఆ చోటే నల్లగా కాలి తోలు ఊడుతుంది. ఇలా ఎర్రగా లేచి చేతులంతా పాకదు. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసీ, పట్నపు చర్మం కాబోలు అనుకుని వదిలేశాడు. అందమైన మనిషి చెప్పే అబద్ధానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

గ్రే రెండో క్యాంపు రోజున దగ్గర్లోనే ఉంటాడని, పని పూర్తయిందని చూశాకే దేశం దాటుతాడని ఆమె చెప్పింది. ఆ ఒక్కటీ నిజమే చెప్పింది.

*

రెండో క్యాంపు ఉదయం తొమ్మిదింటికి. అమ్మవారు శాంతించింది. గుమ్మాలకి కట్టిన వేపాకులు తీసేశారు.

రేఖ సీలు తెంపి, పెట్టె తెరిచి, ఆడవాళ్ళని కూర్చోబెట్టడానికి బయటికి వెళ్ళింది. సామాను సర్దమని త్రినాథ్‌ని లోపల వదిలింది. తన మాటలన్నీ నమ్మేసినవాడంటే ఆమెకి అంత లోకువ.

ట్రేలో దూది కట్ట కింద అతనికి ఒక సిరంజి దొరికింది. ముందే నింపి ఉంది. దాని పిడి మీద గోళ్ళరంగు చుక్క, చీమ తలంత.

సీసాలన్నీ ఇక్కడుండగా, ఒక్క సిరంజి ఇంటి నుంచి నింపుకుని రావడం ఎందుకు? అది ఎవరి కోసం? గుర్తు ఎందుకు?

మొదట ఎవరు పొడుచుకోవాలో అతనికి గుర్తొచ్చింది. ఆ తరువాత ఉబ్బిన వేళ్ళు గుర్తొచ్చాయి. ఝాన్సీకి ఫోన్ కొట్టాడు.

"మేడం, మీ మందు వేసుకున్నాక పదో రోజుకి దద్దుర్లు, కీళ్ళ వాపు వస్తాయా?"

"రావు. అవి గుర్రం సీరం లక్షణాలు. ఎవరికొచ్చాయి?"

"ఆ మనిషికే ఇప్పుడు రెండోసారి పడితే?"

"త్రినాథ్, చచ్చిపోవచ్చు. ఎవరు?"

అతను ఫోన్ పెట్టేశాడు. దారిలో వ్యాన్ ఆపించినప్పుడే సీసాలు మార్చేసింది. ఆ రోజు రేఖ తనకి పొడుచుకున్నది గుర్రం మందు. ఒంట్లోకి ఎన్నడూ గుర్రం మందు ఎక్కని మనిషి కాబట్టి ధైర్యంగా పొడుచుకుంది. బయట కూర్చున్న పన్నెండు మందికి అదే మందు రెండోసారి అవుతుంది. అదే సీసాలోది డాక్టరు కూడా వేసుకుంది కాబట్టి ఆమెని ఎవరూ వేలెత్తి చూపరు. ఈసారి తనకీ అది రెండోది అవుతుంది కాబట్టి, చుక్క సిరంజిలో ప్రమాదం లేనిదేదో నింపి తెచ్చుకుంది. ఆమె బిగించిన ఉచ్చు అది. పెట్టె క్లీన్ అన్న నోరు తనది.

చీఫ్‌కి చెప్పాడు. జగన్నాధం గొంతు ఎప్పటిలాగే ఉంది.

"క్యాంపు ఆపొద్దు. గ్రే బయటపడాలి."

"సార్, బయట పన్నెండు మంది."

"విన్నాను. ఇది ఆర్డర్."

వరండాలో చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. అతని చేతిలో అర నిమిషం ఉంది. పన్నెండు మందికీ మందు మార్చడానికి అది చాలదు. ఒక్క మనిషికి చాలు. గోళ్ళరంగు చుక్క ఉన్న సిరంజి కిటికీలోంచి ఖాళీ చేసి, పెట్టెలోని సీసాలో గుచ్చి నింపాడు. దూది కింద ఎక్కడిది అక్కడ పెట్టాడు. చెయ్యి వణకలేదు. ఆ సంగతి తరువాత అతన్ని చాలా రోజులు బాధపెట్టింది.

"ముందు నువ్వే తల్లీ," అంది తాతమ్మ, అడగకముందే.

"తెలుసమ్మా," అని నవ్వింది రేఖ. అందరూ చూస్తుండగా సీసాలోంచి ఒక సిరంజి నింపి ట్రేలో పెట్టింది. దూది తీసుకునే మిషతో చుక్క ఉన్న సిరంజి అందుకుంది. చేతికి పొడుచుకుని, ఒక్క చుక్క మిగలకుండా నొక్కింది. "చూశారా? ఏమీ కాదు."

తరువాత ట్రేలోని సిరంజి తీసుకుని తాతమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తాతమ్మ కళ్ళు మూసుకుంది. త్రినాథ్ రేఖ మోచేతి పక్కకి వచ్చాడు. సూది మొన ముడతల చర్మాన్ని తాకింది.

రేఖ దగ్గింది.

మళ్ళీ దగ్గింది. పెదవులు వాస్తున్నాయి. చేతిలో సిరంజి వైపు చూసింది, దూది వైపు చూసింది, ఆఖరుకి ఐస్ పెట్టె మోసేవాడి వైపు చూసింది. అర్థమైంది. ఆమె బొటనవేలు పిడి మీద బిగుసుకుంది. తనతో పాటు ఒకరినైనా తీసుకుపోవాలనుకుందో ఏమో. త్రినాథ్ ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. సూది తాతమ్మ చేతి మీద గీరుకుపోయి, మందు నేల మీద చిమ్మింది.

"చెయ్యి వెనక్కి తీసుకోమ్మా," అన్నాడు తాతమ్మతో. "ఎవరూ దగ్గరికి రావొద్దు."

రేఖ నేల మీద పడి గాలి కోసం పెనుగులాడుతోంది. ట్రేలో ప్రమాదం వస్తే వాడే ఎడ్రినలిన్ ఆంపూల్స్, వేలెడంత గాజు గొట్టాలు, ఉన్నాయి. త్రినాథ్ ఒకటి విరిచాడు. రేఖ గట్టిగా తల అడ్డంగా ఊపింది. వేలు తన హ్యాండ్‌బ్యాగ్ వైపు చూపించింది.

ఒక్క క్షణం పట్టింది అతనికి. ట్రేలోవి నీళ్ళు. ఈ ఆడవాళ్ళని కాపాడబోయే మందు కూడా మార్చేసింది. అసలుది తన కోసం బ్యాగులో దాచుకుంది.

బ్యాగు తెరిచి ఆ ఆంపూల్ బయటికి తీశాడు. ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు.

"గ్రే ఎవరు?"

"ప్లీజ్..."

"గోవింద్‌ని పునుగు కూడా తిననివ్వలేదు. గ్రే ఎవరు?"

"రామతీర్థం..." గొంతు ఈల వేస్తోంది. "కాషాయం..."

తనకి తల వంచి నవ్విన భిక్షువు. త్రినాథ్ మైకులో చెప్పాడు. చెవిలోని రిసీవర్‌లో జీపు స్టార్టయిన శబ్దం వినిపించింది. అడగాల్సింది అయిపోయింది. అయినా అతను ఆంపూల్ విరవలేదు.

"ఇక్కడ ఇంకెవరున్నారు? పేర్లు."

"ఒరే ఎర్రన్నా," అంది తాతమ్మ. "పొడువు. ఏటి సూస్తన్నావు?"

"పేర్లు చెప్పు."

"ఒరే, సచ్చిపోతన్నాది. పొడువంతన్నాను కాదా."

పొడిచాడు. అప్పటికి ఆమె పెదవులు నీలంగా మారాయి. అంబులెన్స్ పదకొండు నిమిషాలకి వచ్చింది. శ్రీకాకుళం చేరకముందే సైరన్ ఆపేసింది.

ఆడవాళ్ళకి త్రినాథ్ అంతా చెప్పాడు. దాచలేదు. పెట్టె క్లీన్ అని మొదటి రోజు తనే అన్నాననీ చెప్పాడు. తాతమ్మ చేతి మీద గీతకి పసుపు అద్దుకుంటూ వింది.

"అది మమ్మల్ని సంపడానికే వచ్చినాది. నిజిమే," అంది. "నువ్వు దాన్ని అడిగి అడిగి సంపినావు. మా తులసి కూడా అలాగే కొట్టుకున్నాది. నువ్వు సూడలేదు, నేను సూసినాను." తరువాత ఇంకో మాట అంది. "నిజమైన మందు వచ్చినప్పుడు కబురెట్టు. వస్తాం. నువ్వు మాత్రం రాకు."

పాము పడగ మీద కాలేసినా బెదరని మనిషి త్రినాథ్. ఆ మాటకి తల ఎత్తలేకపోయాడు.

*

భిక్షువు రామతీర్థం మెట్ల మీదే దొరికాడు. కాషాయం లోపల రెండు పాస్‌పోర్టులు, చెవి వెనక పొడవడానికి పనికొచ్చే పెన్ను ఒకటి ఉన్నాయి. ఢిల్లీ నుంచి జగన్నాధానికి అభినందనలు వచ్చాయి.

రైసు మిల్లు గదిలో చీఫ్ ఉల్లిపాయ పకోడీ తెప్పించాడు. త్రినాథ్ ముట్టలేదు.

"సార్, నేను ఫోన్ చేసినప్పుడు మీరు ఆశ్చర్యపోలేదు."

"అవును."

"ఎప్పటి నుంచి తెలుసు?"

జగన్నాధం పకోడీ నమిలి, మింగాకే జవాబిచ్చాడు. "మొదటి క్యాంపు రోజే. పెట్టెకి సీలు వేసే ముందు ఒక సీసా టెస్ట్ చేయించాను. గుర్రం."

"తెలిసి మళ్ళీ అదే పెట్టె పంపారా?"

"మందు మారిస్తే రేఖకి అనుమానం వస్తుంది. రేఖ రాకపోతే గ్రే రాడు. నువ్వు పక్కనే ఉంటావుగా."

"నాకు తెలియదు కదా సార్. ఆ సిరంజి నా కంట పడకపోతే?"

"పడింది కదా." చీఫ్ చేతులు తుడుచుకుని ఒక ఫారం ముందుకి తోశాడు. "రిపోర్టు రాసెయ్యి. ఒక్క కాలమ్ దగ్గరే ఢిల్లీ వాళ్ళు పేచీ పెడుతున్నారు. ఆపరేషన్ మార్చిలో, మొదటి క్యాంపుతోనే ముగియాల్సింది, మూడు వారాలు లేటయింది. ఎందుకని అడుగుతున్నారు."

త్రినాథ్ పెన్ను తీశాడు. ఆలస్యానికి కారణం అన్నచోట కుదురుగా, అందమైన చేతిరాతతో నింపాడు.

"పేషెంట్లు బతికి ఉండటం."